పేలాల మడుగు

గొప్పలు చెప్పుకోవడం పోశానికి అలవాటు లేదు. పందొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలంలో ఆ ఒక్కరోజు మాత్రం చెప్పుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

చెన్నూరు దగ్గర గోదావరిలో నావ నడిపే బెస్తవాడతను. ఆ రోజు నావ ఎక్కినవాళ్లు ఇద్దరు. ఒకరు బొగ్గుబావుల కంట్రాక్టరు నరహరిరావు, రెండోవాడు బొంబాయి నుంచి వచ్చిన ఆయన బావమరిది. ఈ బావమరిది దగ్గర నీళ్లలో చూసే అద్దం ఉంది. దాన్ని మొహానికి కట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, నీటిమీద బోర్లా తేలుతాడు. పోశం మనసంతా ఆ అద్దం మీదే.

"జర నేను సుత సూస్త దొరా."

"తర్వాత చూద్దువులే," అన్నాడతను.

పొద్దున్నంతా బాగానే గడిచింది. ఇసుక తిప్ప మీద నోళ్లు తెరుచుకుని పడుకున్న మొసళ్లను, ఒడ్డున ఆడుకుంటున్న నీటికుక్కల జంటను, గుడ్లు పొదిగే పిట్టలను పోశం దూరం నుంచే చూపించాడు. దొరలు మెచ్చుకున్నారు. మెచ్చుకునేసరికి అతనికి ఒళ్లు తెలియలేదు. ఎవరికీ చూపించని చోటికి, తిప్ప వెనక మడుగులోకి, నావను తిప్పాడు.

"గీ మడుగుల మేం వల ఎయ్యం దొరా. ఇద్దరు పిల్లలు పోయినంక గంగమ్మకు మొక్కిన. మూడోది, మా బాలలక్ష్మి, బతికింది. తొమ్మిదేండ్ల సంది సోమారం సోమారం బిడ్డను తోల్కొచ్చి పేలాలేపిస్త. పిలిస్తే వస్తయి, సూడుండ్రి."

తెడ్డుతో నావ అంచును మూడుసార్లు కొట్టాడు. మోచేతి పొడుగు బొచ్చె చేపలు పైకి లేచి నోళ్లు తెరిచాయి. అన్నిటికంటే ముందు తోక సగం తెగిన ముసలి చేప. బావమరిది వాటి మధ్య తేలుతూ మురిసిపోయాడు. నరహరిరావు చేపలను ఎక్కువసేపు చూడలేదు. తెడ్డును చూశాడు.

మధ్యాహ్నం పోశం తిప్ప మీద వంట చేస్తున్నాడు. మడుగు వైపు నుంచి టక్, టక్, టక్ మని వినిపించింది. పరుగెత్తి వెళ్లేసరికి నావ మడుగు నడుమ ఉంది. నరహరిరావు చేతిలో బావుల్లో బొగ్గు పేల్చే తోటా ఒకటి, పక్కన నావ పలక మీద ఇంకొకటి.

పోశం నడుములోతు నీళ్లలోకి దిగాడు. "వద్దు దొరా, నీ బాంచెన్. నన్ను నమ్మి వస్తయి అవి."

"దగ్గరికి రాకు, చస్తవ్," అని ఆయన వత్తి అంటించి విసిరాడు.

నీళ్లు తాటిచెట్టంత లేచి పడ్డాయి. తేలినవి కొన్నే, చాలావరకు మునిగిపోయాయి. నావను ఒడ్డుకు తెచ్చి బావమరిది అద్దం అందించాడు. "అడిగితివి గదా. దిగి మునిగినవి తీసుకురా."

పోశం తీసుకున్నాడు. చచ్చినవాటి కోసం కాదు, ఏవైనా బతికాయేమో చూద్దామని. పొద్దున ఎంత ఆశపడ్డాడో ఆ అద్దంలోంచి చూడాలని! అడుగంతా తెల్లటి పొట్టలే. తెగిన తోక చేప పక్కకు ఒరిగి ఉంది. దూరంగా బండ వెనక మాత్రం ఒక గుంపు కదులుతోంది. అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

అప్పుడు పైన టక్, టక్, టక్.

ఆ గుంపు బండ దాటి బయలుదేరింది. పలక మీది రెండో తోటా గుర్తొచ్చి పోశం అడ్డంగా వెళ్లి, పొమ్మని రెండు చేతులూ ఊపాడు. అవి బెదరలేదు. ఆ చేతులను చూసి దగ్గరికి వచ్చి, వేళ్ల సందుల్లో పేలాలు వెతుక్కోసాగాయి.