నడిచే గదిలో డెస్క్‌టాప్

అమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది. మధ్యాహ్నం డ్యూటీ దిగి గేటు దాటగానే, ఎదురుగా తాళాలు బాగుచేసే ముసలాయన్ని అడగడం అలవాటు.

"మా గది ఎటు పోయింది బాబాయ్?"

"పొద్దున పిండిమర వెనక చూశానమ్మా. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు."

పిండిమర దగ్గరికి వెళితే అక్కడివాళ్లు ఇంకో సందు చూపించేవాళ్లు. అలా అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరేది. గదికి వారానికోసారి నడవబుద్ధయ్యేది. ముందు నేల సన్నగా గుర్రుమనేది, గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలలాడేవి, తర్వాత మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషిలా మెల్లగా లేచి వీధి పట్టేది. ఖాళీ జాగా ఎక్కడ కనిపిస్తే అక్కడ చతికిలబడేది. వీధిలో జనం పక్కకి తప్పుకునేవాళ్లు. లారీవాళ్లు హారన్ కొట్టేవాళ్లు. అంతకు మించి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కరెంటు మాత్రం ఎప్పుడూ పక్కింటివాళ్లదే. పక్కిల్లు మారినప్పుడల్లా అమ్మమ్మ వైరు చుట్ట చంకన పెట్టుకుని వెళ్లి, కొత్త పక్కింటి తలుపు తట్టేది.

అలాంటి గదిలోకి డెస్క్‌టాప్ కొంటానంది కూతురు పేచీ.

పేచీ అసలు పేరు కాదు. ఏది చెప్పినా ఎదురు ప్రశ్న వేస్తుందని అమ్మమ్మ పెట్టిన పేరు. స్కూలు రిజిస్టరులో ఉన్న పేరు టీచర్లకి కూడా గుర్తుండేది కాదు. పంతొమ్మిదేళ్లు. ఇళ్ల ప్లాన్లు గీయడం ఫోనులో చూసి తనంతట తనే నేర్చుకుంది. లైబ్రరీ కంప్యూటరు మీద గంటకో గోడ చొప్పున గీసి చెయ్యి అలవాటు చేసుకుంది. ఇప్పుడు కట్టడాల డ్రాయింగ్ కోర్సుకి ప్రవేశ పరీక్ష. సోమవారం పొద్దున పదింటికి. మూడు గంటలు. ఎవరింట్లో వాళ్లు, ఎవరి కంప్యూటరు మీద వాళ్లు రాయాలి. కెమెరా చూస్తూ ఉంటుంది. కుర్చీలోంచి లేచినా, ఎవరితోనైనా మాట్లాడినా, యంత్రం ఆరిపోయినా పరీక్ష అక్కడితో సరి. మళ్లీ ఏడాది దాకా లేదు. తప్పితే ఒకటో తారీకు నుంచి అమ్మ పక్కన దుప్పట్లే. సూపర్‌వైజరు అప్పుడే యూనిఫాం తీసి పక్కన పెట్టాడు, పేచీ కొలత చూసి మరీ.

శనివారం తల్లీకూతుళ్లు పాత కంప్యూటర్ల షాపుకి వెళ్లారు. లోపల గోడ నిండా విప్పేసిన యంత్రాలు, డబ్బాల్లో స్క్రూలు. రిపేరాయన నుదుటి మీదికి భూతద్దం తోసుకుని అమ్మ ముందు రెండు పెట్టాడు.

ఒకటి లాప్‌టాప్. వెండి రంగు, పలక అంత పలచన. రెండోది ఏదో మూసేసిన ఆఫీసు నుంచి వచ్చిన నల్లటి డబ్బా, మూలన సన్నటి గీత పడిన మానిటరు. రెండూ ఒకటే ధర.

"ఇంకేం చూస్తావ్? ఇది తీసుకో," అంది అమ్మ లాప్‌టాప్ మీద చెయ్యేసి.

"ముందు ప్రోగ్రాం పెట్టి చూడనీ అమ్మా."

రిపేరాయన రెండింటిలోనూ డ్రాయింగ్ ప్రోగ్రాం ఎక్కించాడు. లాప్‌టాప్‌లో పేచీ ఒక గోడ గీసింది. రెండోది గీసింది. మూడో గోడకి లోపల ఫ్యాను రొదపెట్టి, తెర మీద బాణం గుర్తు బిగుసుకుపోయింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. మూడో గోడ వచ్చేసరికి అమ్మ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది కూడా.

డెస్క్‌టాప్‌లో గోడ మీద గోడ పడింది, తలుపు, కిటికీ. చెయ్యి ఎంత తొందరపడితే అంత తొందరగా.

"దీంట్లో ర్యామ్ నాలుగింతలు తల్లీ, గ్రాఫిక్స్ కార్డు వేరే ఉంది," అన్నాడు రిపేరాయన. "మీకున్న డబ్బుల్లో లాప్‌టాప్ అంటే సన్నదనానికి ఇస్తున్నట్టు. ఇది బలానికి. కాకపోతే..." గొంతు తగ్గించాడు. "మీది నడిచే గది కదా అక్కా? దీనికి ప్లగ్గు ఊడితే ప్రాణం పోతుంది."

"విన్నావా?" అంది అమ్మ.

"విన్నాను. దానికి బ్యాటరీ ఉంటుంది, సరే. మూడు గోడలకి అరపూట పడితే ఆ బ్యాటరీ ఏం చేసుకోను? దీపం బాగా వెలుగుతుంది కానీ అన్నం లేదన్నట్టుంది."

"గది లేస్తే?"

"పొద్దునే కదా నడిచింది. శనివారం నడిచిన గది సోమవారం ఎప్పుడైనా నడిచిందా? నువ్వే చెప్పు."

అమ్మ లెక్క వేసుకుంది. నిజమే, ఎప్పుడూ నడవలేదు. అయినా ఆమె మొహం విప్పారలేదు. "నీ మొండితనానికి నా ఆరేళ్ల ఓవర్‌టైం," అంది మెల్లగా, కూతురికి మాత్రమే వినపడేలా. పేచీ డెస్క్‌టాప్ వైరు చుట్టడం మొదలుపెట్టింది.

రిపేరాయన బల్ల కింద నుంచి ఇటుకంత బరువున్న పాత యూపీఎస్ ఒకటి తీసి డబ్బా మీద పెట్టాడు. "ఇది ఊరికే ఉంచుకోండి. కరెంటు పోతే పన్నెండు నిమిషాలు మోస్తుంది. పదమూడో నిమిషం గురించి నన్నడక్కండి."

సోమవారం పదింటికి గది రెండు మేడల మధ్య బుద్ధిగా కూర్చుని ఉంది. అమ్మ డ్యూటీకి వెళ్లిపోయింది. ఇంటర్నెట్టు కోసం ఫోను కిటికీ ఊచలకి కట్టింది పేచీ. వైరు గుమ్మంలోంచి పక్కింటి వరండాలోకి వెళ్లింది. పరీక్ష గదిలో ఇంకో మనిషి ఉండకూడదు కాబట్టి అమ్మమ్మ కిటికీ అవతల స్టూలు వేసుకుంది.

ప్రశ్న తేలికగానే కనిపించింది. ముగ్గురు మనుషులకి ఒంటిగది ఇల్లు గీయాలి. గోడలు, తలుపు, కిటికీ, పొయ్యి గట్టు. ఆఖర్న పునాది. పేచీకి బాగా తెలిసిన గది ప్రపంచంలో ఒకటే. పదడుగులు, పన్నెండడుగులు, తలుపు ఒక పక్క, కిటికీ దానికెదురు. కళ్లు మూసుకుని గీయగలదు. గంటన్నరకి గోడలు లేచాయి.

పన్నెండు కావస్తుండగా గ్లాసులు గలగలమన్నాయి.

పేచీ చెయ్యి మౌసు మీద బిగుసుకుంది. లేవకూడదు. మాట్లాడకూడదు. నేల గుర్రుమంది. కిటికీలో పక్క మేడ గోడ మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

"ఇదేం పుట్టిందే దీనికి ఇవాళ," అని గొణుగుతూ అమ్మమ్మ స్టూలు మీంచి లేచింది.

వైరు బిగిసింది. ప్లగ్గు ఊడింది. యూపీఎస్ కుయ్‌మంది.

ఆ తర్వాత జరిగినదంతా పేచీ కిటికీలోంచి వచ్చిన గొంతులతోనే తెలుసుకుంది. కళ్లు మాత్రం తెర మీదే.

"ఒక్క రెండు నిమిషాలమ్మా, మా గది మీ ఇల్లు దాటేదాకా."

"కుట్టుమిషను ఆపాలి పిన్నీ, సగం జాకెట్టు మీదున్నాను."

"ఆపు మరి. పిల్ల పరీక్ష."

కుయ్ ఆగింది. పేచీ కిటికీ చెక్కకి కొలతలు వేసింది. కుయ్. మంగలి షాపు. ట్రిమ్మరు ప్లగ్గు పీకి అమ్మమ్మ ప్లగ్గు పెట్టారు. సగం గడ్డంతో కూర్చున్నాయన, "పెట్టుకో పెద్దమ్మా, నాకేం తొందర, ఎలాగూ ఇంటికెళితే తిట్లే," అన్నాడు. కుయ్ ఆగింది. మళ్లీ కుయ్. సైకిలు షాపు. జిరాక్సు షాపు. డెబ్బై రెండేళ్ల మనిషి చేతిలో వైరు చుట్టతో గది పక్కనే నడుస్తూ ఇల్లిల్లూ అడుగుతోంది. ప్రతి సందునా యూపీఎస్‌లో కొంచెం ప్రాణం తరుగుతోంది. ఆమె గొంతు మొదట దబాయింపుగా ఉండేది. తర్వాత ఆయాసంగా మారింది. తర్వాత ఒక్కో మాటే వచ్చింది. "కరెంటమ్మా." "పరీక్ష."

పన్నెండున్నరకి ఆఖరి ఇల్లు దాటింది గది.

కిటికీలో ఇళ్లు అయిపోయాయి. ముళ్లపొదలు, ఎండిన నేల, దూరంగా కాలవ గట్టు. కుయ్ ఇంక ఆగలేదు. యూపీఎస్ చిన్న తెర మీద ఆరు నిమిషాలని ఉంది. పేచీకి పునాది మిగిలింది.

నాలుగు మూలలా నాలుగు గుంతలు. ఆమె పొయ్యి ఉన్న మూల నుంచి మొదలుపెట్టింది. చదరం గీసి, లోతు దగ్గర నాలుగడుగులని కొట్టింది.

పొయ్యి ఉన్న మూల దబ్బున నేలకి దిగింది.

గిన్నె ఒకటి దొర్లుకుంటూ కుర్చీ కిందికి వచ్చింది. గది ఆగలేదు గానీ ముందుకీ వెళ్లలేదు. గుంజకి కట్టిన దూడలా ఆ మూల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కిటికీలో కాలవ గట్టు జరిగింది. తర్వాత ముళ్లపొదలు. తర్వాత వచ్చిన దారి, దారి మీద అమ్మమ్మ.

పేచీకి అర్థమైంది.

గీత చెరిపేస్తే చాలు, మూల పైకి లేస్తుంది, గది తన దారిన తను పోతుంది, సాయంత్రానికి ఎక్కడో ఒకచోట మనుషుల మధ్య, కుళాయి పక్కన కూర్చుంటుంది. పునాది లేని ఇల్లు పరీక్షలో ఇల్లు కాదు. చెరపకపోతే ఇక్కడే. ఈ ముళ్లలో. ఎన్నాళ్లో తెలీదు, బహుశా ఎన్నాళ్లైనా. ముగ్గురుండే గది. తను ఒక్కతే నిర్ణయించాలి. నోరు తెరిచి అడగడానికి లేదు. ఆమె వేలు చెరిపే మీట మీద ఆగింది. ఐదు నిమిషాలు.

కిటికీలో అమ్మమ్మ వైరు చుట్ట కింద పడేసి, దాని మీదే కూర్చుంది. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుంది. తిరుగుతున్న గదిని చూసింది, చుట్టూ ఉన్న నేలని చూసింది, మళ్లీ గదిని చూసింది.

"ఆపగలిగితే ఆపు," అంది, మనవరాలితో కాదు, ఊరికే గాలితో అన్నట్టు. "నా వల్ల కాదింక."

పేచీ వేలు తీసేసింది.

రెండో చదరం గీసింది. లోతు మాత్రం కొట్టలేదు. ఇప్పుడు కొడితే తలుపు కాలవకి ఎదురుగా పడుతుంది. దోమలు. ఆగింది. గది తిరుగుతోంది, మోకాళ్ల నొప్పుల నడకతో, ఒక్కో అడుగూ అరగంటలా. నాలుగు నిమిషాలు. తలుపు ముళ్లపొదల మీదికి వచ్చింది. వద్దు. కుయ్ కుయ్‌ల మధ్య విరామం తగ్గిపోయింది. మూడు. నుదుటి చెమట కంట్లోకి కారింది, తుడుచుకోలేదు. తలుపు మెల్లమెల్లగా దారి వైపు తిరిగింది. ఎదురుగా ఉన్న కిటికీలోకి కాలవ మీది గాలి ఒక్కసారిగా వచ్చి కాగితాలు లేపింది. పేచీ లోతు కొట్టింది.

నాలుగు. ఎంటర్.

రెండో మూల దిగింది. గది ఒకసారి గింజుకుంది, గోడలు కిర్రుమన్నాయి. మూడో మూల. అది దిగాక గింజుకోవడం కూడా మానేసింది. తెర మీద ఒక నిమిషం. నాలుగో చదరం తొందరలో వంకర పోయింది. చెరిపి మళ్లీ గీసింది. నాలుగు. ఎంటర్. పంపే మీట నొక్కింది. నీలం చుక్కలు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. 'అందింది' అనే మాట తెర మీదికి వచ్చింది, పేచీ దాన్ని చదివింది, ఆ వెంటనే తెర నల్లబడింది.

సీటు వచ్చిందని పద్దెనిమిది రోజుల తర్వాత తెలిసింది, జాబితాలో కింద నుంచి మూడోది. ఆ మధ్యాహ్నం తెలిసిందల్లా నేల అడుగున ఏ చప్పుడూ లేదనే. అమ్మమ్మ లోపలికి వచ్చి, అరికాళ్లు ఆనించి, కాసేపు విన్నట్టు నిలబడింది. మంచమెక్కి నిద్రపోయింది.

అమ్మ వచ్చేసరికి నాలుగు దాటింది. లోపలికి రాలేదు. గది చుట్టూ ఒకసారి తిరిగింది. మూల మూలకీ ఆగి కాలితో నేల తొక్కి చూసింది. పేచీ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు చేశారు?"

"నేనే."

"ఒక్క మాట అడగొద్దా?"

"మాట్లాడకూడదమ్మా. కెమెరా."

అమ్మ వచ్చిన దారి వైపు చూసింది. "కుళాయి?"

"ఆఖరి ఇంటి దగ్గర ఉంది."

"అక్కణ్నుంచి బిందె మొయ్యాలి."

"నేను మోస్తాను."

"బస్సు?"

"ఇంకా దూరం."

"అన్నీ దూరమే," అంది అమ్మ. కోపమో కాదో పేచీకి తెలియలేదు. తెర మీద గీతలు చదవడం వచ్చినంతగా ఆ మొహం చదవడం ఆమెకి రాదు.

వాళ్లింట్లో చెప్పులు ఎప్పుడూ మంచం కిందే ఉండేవి. బయట విడిస్తే చెప్పులు ఒక వీధిలో, మనుషులు ఒక వీధిలో మిగిలిపోయేవాళ్లు. అమ్మ గుమ్మం ముందుకి వచ్చింది. కుడికాలి చెప్పు విడిచింది. ఎడమకాలిది విడిచింది. వంగి, రెండూ జత చేసి, గోడకి ఆనించి బయటే పెట్టింది.

ఒట్టి కాళ్లతో లోపలికి వచ్చింది.