కొక్కెం ఇటు జరిపితే

అంజయ్య కట్టిన మనిషి మళ్ళీ జారిపోయాడు. దయావతి బొమ్మను మొదటికి తెచ్చి మరోసారి ప్లే నొక్కింది. చిన్నచిన్న పెట్టెలు అతికించి చేసిన ఆ మనిషి ప్రెస్ మిషన్ పక్కన బుద్ధిగానే నిలబడ్డాడు. పైనుంచి రేకు జారి మోకాలికి తగలగానే నేలమీద సర్రున సాగి, కంప్యూటర్ తెర అంచు దాటి ఎటో పోయాడు.

"రేకు జారే తీరు మంచిగ పట్టినవ్ అంజయ్యా" అంది దయావతి. "నేలకు రాపిడి పెట్టుడు మరిచినట్టున్నవ్. జెర పెట్టి సూడు."

"మరవలే మేడం. మా షాపుల నేల గట్లనే ఉంటది. ఎప్పుడు సూసినా నూనెనే."

దయావతికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని ఆలోచించింది. "అట్లయితే నేల గట్లనే ఉండనీ. మిషన్ కింద ఒక తట్ట పెట్టు, నూనె అండ్ల పడేటట్టు. మనిషి నిలబడే కాడ మాత్రం రాపిడి పెంచు. అప్పుడు మేనేజర్‌కు సూపెట్టొచ్చు."

అంజయ్య తల గోక్కుంటూ మౌస్ అందుకున్నాడు. మౌస్ పట్టుకుంటే అతని వేళ్ళ కింద అది కనపడదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆ ఫ్యాక్టరీ వాళ్ళు రెండు వేల తొమ్మిదిలో తెచ్చిన కొత్త ముచ్చట ఇది. ఏ సెక్షన్ వాళ్ళు ఆ సెక్షన్‌లో జరగగల ప్రమాదాన్ని కంప్యూటర్ మీద బొమ్మ కట్టాలి. పెట్టె గీస్తే దానికి బరువు వస్తుంది, తాడు గీస్తే వేలాడుతుంది, చక్రం గీస్తే దొర్లుతుంది. ప్లే నొక్కితే లోకంలో ఏం జరుగుతుందో తెరమీదా అదే జరుగుతుంది. కార్మికులు దాన్ని సీన్ అంటారు. వాళ్ళ సీన్లు చూసి మంచీచెడ్డా చెప్పడం ట్రైనింగ్ రూమ్ దయావతి పని.

మేడమీది పాత స్టోరు గదికి సున్నం వేసి ట్రైనింగ్ రూమ్ అన్నారు. కంప్యూటర్లకు వేడి తగలకూడదని ఏసీ పెట్టించారు, ఆ చల్లదనం దయావతికి కూడా దక్కింది. కిటికీ తీస్తే పక్క ఫ్యాక్టరీల మందుల వాసన వస్తుంది కాబట్టి తియ్యదు. సన్నటి మనిషి, నలభై దాటింది. ముదురు రంగు నేత చీరలు, మెడలో సన్నటి గొలుసు, ఎప్పుడూ ఒకేలా వేసుకునే జుట్టు ముడి. బీఎస్సీ ఫిజిక్స్ చదివి టీచర్ కావాలనుకుంది, టైపిస్టుగా ఇక్కడ చేరింది. తల్లి మంచాన పడ్డ ఏళ్ళలో సంబంధాలు రావడం మానేశాయి. తల్లిని చర్చి వెనక సమాధుల తోటలో దింపి వచ్చేనాటికి తను కూడా ఎదురుచూడటం మానేసింది. మానేశానని అందరికీ చెప్పింది, తనకు కూడా చెప్పుకుంది.

సీన్ చూసేటప్పుడు ఆమెకో పద్ధతి ఉంది. ముందు బాగున్నది చెప్పాలి. తరవాత లోటు చెప్పాలి. చివర ఇట్లా చేసి చూడమని దారి చెప్పాలి. తప్పు అన్న మాట ఎప్పుడూ వాడలేదు. షిఫ్టంతా నిలబడి వచ్చి కుర్చీలో బెరుకుబెరుగ్గా కూర్చునే మనిషికి తప్పని చెబితే రెండోసారి రాడని ఆమెకు తెలుసు.

మొగులయ్య మాత్రం పిలవకపోయినా వచ్చేవాడు. జోగిపేట దిక్కు మనిషి, క్రేన్ ఆపరేటర్. భార్య పోయి చాలాకాలమైంది, కూతురు అత్తగారింట్లో ఉంది. పైన క్యాబిన్‌లో కూర్చుని కిందికి చూసీ చూసీ మెడ కాస్త ముందుకు వంగిపోయింది. ఎవరితో మాట్లాడినా ఎత్తునుంచి చూస్తున్నట్టే ఉంటాడు, గొంతు మాత్రం పక్కనే కూర్చున్నట్టు మెత్తగా ఉంటుంది. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని మొగులన్న అంటుంది, గారు అని పిలిచేది దయావతి ఒక్కతే. ఆయన సీన్లలో ప్రమాదాలు ఉండవు. బరువులు మెల్లగా లేస్తాయి, మెల్లగా దిగుతాయి, అంతే. ఏ లోటూ లేని సీన్‌లో లోటు వెతకడం దయావతికి ఆ ఏడాదే అలవాటైంది. లోటు చెబితేనే కదా సరిచేసుకుని మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు క్రేన్ సెక్షన్ మొత్తాన్ని హిమాచల్‌లోని బద్దికి తరలిస్తున్నారు. వచ్చేవాళ్ళు రావచ్చు, రానివాళ్ళు లెక్క తేల్చుకుని ఇంటికి పోవచ్చు. ఏ సంగతో ఈరోజు షిఫ్ట్ దిగేలోగా పర్సనెల్ ఆఫీసులో చెప్పాలి. పోయిన వారం మొగులయ్య తలుపు దగ్గర ఆగి, చెప్పుల వైపు చూస్తూ అడిగాడు.

"పొమ్మంటరా మేడం, ఉండుమంటరా?"

"మీ ఇష్టం మొగులయ్య గారూ" అంది దయావతి.

ఆ మాట అన్నందుకు వారమంతా తనను తాను తిట్టుకుంది. ఉండుండ్రి. ఒక్క మాట. కూర తరుగుతూ అనుకుంది, బస్సులో అనుకుంది, ఆదివారం పాటల మధ్య కూడా అనుకుని సిగ్గుపడింది. ఆయన దేవుడు వేరు, తన దేవుడు వేరు. చర్చిలో పెద్దలు ఏమంటారో, జోగిపేటలో ఆయన కూతురు ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. అయినా ఆయన ఉండాలి. ఉంటే ఆ తరవాతి సంగతులు తరవాత చూసుకోవచ్చు. ఈరోజు చెప్పి తీరాలని ముడి మరింత బిగించి కట్టుకుని వచ్చింది.

మధ్యాహ్నం టీ వేళకు మొగులయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అంజయ్య టీకి వెళ్ళడంతో గదిలో ఇద్దరే మిగిలారు.

"ఒక సీన్ చేసిన మేడం. చిన్నదే. సూడుండ్రి."

తెరమీద క్రేన్ కొక్కెం ఉంది. కొక్కేనికి తాడు, తాడుకు నడిమధ్యన ఇనుప దూలం. దూలానికి ఒక కొసన ఒక పెట్టె వేలాడుతోంది. రెండో కొస ఖాళీ. ప్లే నొక్కగానే పెట్టె ఉన్న వైపు దూలం కిందికి ఒరిగిపోయి, వంకరగా ఊగుతూ ఉండిపోయింది.

"ఒక్కటే ఉంటె గిట్లనే ఒరుగుతది" అన్నాడు మొగులయ్య. తెర వైపు కాకుండా ఆమె వైపు చూస్తున్నాడు. "ఎన్నేండ్లైనా గిట్లనే. ఏం జెయ్యాలె మేడం?"

దయావతి తెరకు దగ్గరగా జరిగింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. దాంతోపాటే భయం వచ్చింది. భయపడ్డప్పుడు మనిషి తెలిసిన దారినే పరిగెత్తుతాడు. దయావతికి తెలిసిన దారి ఒక్కటే.

"తాడు బాగొచ్చింది మొగులయ్య గారూ. ఊగుడు కూడా నిజంగ ఊగినట్టే ఉన్నది" అంది. ఆమె చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. "లోటేందంటే, కొక్కెం నడుమ పెట్టిన్రు. కొక్కెం ఇటు జరిపితే సరిపోతది. సూడుండ్రి."

కొక్కేన్ని తాడుతో సహా పెట్టె వైపు జరిపింది. ప్లే నొక్కింది. దూలం రెండుసార్లు ఊగి తిన్నగా నిలబడింది. ఒక కొసన ఒక్క పెట్టె, రెండో కొస ఖాళీగా చాలా దూరం సాగి ఉంది.

మొగులయ్య చూపు తెర వైపు తిప్పాడు.

"అవ్, నిలబడ్డది" అన్నాడు. "ఒక్కటైనా నిలబడ్తది."

"మొగులయ్య గారూ..."

"మంచిగ జెప్పిన్రు మేడం. మీరు ఎన్నడైనా మంచిగనే జెప్తరు."

కుర్చీ చప్పుడు కాకుండా లోపలికి జరిపి వెళ్ళిపోయాడు.

జీవితమంతా క్రేన్ నడిపినవాడికి కొక్కెం ఎక్కడ తగిలించాలో తెలియదా? ఆ సంగతి దయావతికి తలుపు మూసుకున్నాక తట్టింది. రెండో పెట్టె గియ్యమని అడగడానికి వచ్చాడు. గీస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. తనేమో ఒంటరిగా ఎట్లా నిలబడాలో నేర్పి పంపింది. లేచి కిటికీ తీసింది. మందుల వాసన గుప్పున కొట్టింది. ఆయన పర్సనెల్ ఆఫీసు వైపు నడుస్తున్నాడు, ఇంకా పిలిస్తే వినపడేంత దగ్గరలోనే ఉన్నాడు. దయావతి నోరు తెరిచింది. కింద షెడ్డు నీడలో కార్మికులు టీలు తాగుతున్నారు. కొందరు తలెత్తి కిటికీ వైపు చూశారు. ఆమె కిటికీ మూసింది. నా అంత పిరికిది ఇంకొకతె ఉండదు అనుకుంది, అనుకుని అక్కడే నిలబడిపోయింది.

షిఫ్ట్ దిగే వేళకు అంజయ్య తన సీన్ సరిచేసుకోవడానికి వచ్చాడు.

"మొగులన్న బద్దికే పోతనన్నడంట మేడం. గప్పుడే రిలీవ్ చేసిన్రు. జోగిపేట బస్సెక్కిండు, సామాన్ సదురుకోనీకి. నేనే సీట్ల కూసోవెట్టి వచ్చిన."

"ఏమన్నడు?"

"నవ్విండు, గంతే."

అంజయ్య మనిషి ఈసారి జారలేదు. రేకు తగిలినా తట్ట పక్కన గట్టిగా నిలబడ్డాడు. దయావతి బాగుందని చెప్పింది. లోటేమీ చెప్పలేదు. అంజయ్య కాసేపు ఎదురుచూసి, అయోమయంగా నమస్తే పెట్టి వెళ్ళాడు.

కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపుతూ వచ్చి, మొగులయ్య కూర్చున్న కుర్చీ వెనక్కి లాగి స్విచ్ కోసం వంగింది. బల్ల కింద గోడకు ఆనించి ఒక గోనెసంచి ఉంది, మధ్యాహ్నం వచ్చేటప్పుడు మొగులయ్య చేతిలో ఉన్నదే. మూతికి కట్టిన తాడు విప్పి చూసింది. వరిగడ్డి పరిచి, వరసగా పేర్చిన సీతాఫలాలు. కళ్ళు విచ్చిన కాయలనే ఏరి తెచ్చాడు. అడుగున ఒకటి అప్పటికే మెత్తబడి పగిలినట్టుంది, సంచి ఒక మూలన తడిసి తియ్యటి వాసన వేస్తోంది.