రొంటిలో దాగిన నల్లచుక్క

నేను ఒక గామా కెమెరాని. కెమెరా అనగానే జుట్టు సర్దుకోకండి. మీ మొహాలతో నాకు పనిలేదు. నాకు కావలసింది మీ ఎముకలు.

ఎక్స్‌రే యంత్రం బయటినుంచి కిరణాలు కొట్టి లోపలికి తొంగిచూస్తుంది. నాకా దౌర్జన్యం లేదు. మీ నరంలోకి కాస్త మందు ఎక్కిస్తారు. మూడు గంటల్లో అది ఎముకలకు పట్టి, అక్కణ్ణుంచి కిరణాలు వదులుతుంది. నేను ఊరికే ఏరుకుంటాను. నా మొహాన వేల చిల్లులున్న సీసం పలక, దాని వెనక ఉప్పుకు చుట్టమైన స్ఫటికం. కిరణం తగిలితే అది మినుక్కుమంటుంది. ఆ మినుకులన్నీ పోగేసి బొమ్మ కడతాను. క్యాన్సర్ పాకిన చోట బొమ్మలో నల్లచుక్క పడుతుంది.

ఓడెక్కి విశాఖపట్నం వచ్చాను. ఒక పెద్దాసుపత్రిలో దింపారు. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి నన్ను తట్టి, "సినిమా కూడా తీస్తుందా?" అని అడిగాడు. శిలాఫలకం మీద ఆయన పేరు మూరెడు, నా పేరు అసలే లేదు. చల్లదనం తప్పితే నా స్ఫటికం పగులుతుందని రాసిపెట్టి ఉన్నా, ఎండాకాలం రాగానే నా ఏసీ ఊడదీసి ఒక అధికారి గదిలో పెట్టారు. స్ఫటికం పగిలింది. ఏడు నెలలు నా మీద దుప్పటి కప్పారు. ఆ ఏడు నెలలూ వరండాలో కూర్చున్న జనం ఏమయ్యారని ఒక్కడూ అడగలేదు. నేను అడుగుతున్నాను.

పద్దెనిమిదేళ్ళకు పక్కగదిలోకి కొత్తది దిగింది. దానికి మినుకులూ గినుకులూ అక్కర్లేదు, కిరణం తగిలిందంటే నేరుగా కరెంటు గుర్తుగా మార్చేస్తుంది. నాకు అరగంట పట్టే పని దానికి ఆరు నిమిషాలు. మందు కూడా తక్కువ చాలు. అసూయపడ్డానా అంటే పడ్డాను. కానీ నొప్పులతో ఉన్న మనిషి గట్టిబల్ల మీద ఆరు నిమిషాలే పడుకుంటే మంచిదా, నా రోషం కోసం అరగంట పడుకుంటే మంచిదా? మీరే చెప్పండి.

దాని ప్రారంభోత్సవం రేపనగా పోలమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. రొమ్ములో గడ్డ. ఎముకలకు పాకకపోతే సోమవారం ఆపరేషన్, పాకితే ఆపరేషనే లేదు. అది తేల్చాల్సింది నేను.

తేల్చాను. కుడి తుంటి మీద నల్లచుక్క. నన్ను నడిపే త్రినాథ్ డాక్టరమ్మకు కబురు పెట్టాడు. డాక్టర్ వకుళ వచ్చి చూసి, "ఇది ముసలిదైపోయింది, నమ్మలేం. కొత్తదాని మీద పెట్టు" అంది.

కొత్తదీ చూసింది. అదే తుంటి, అదే చుక్క, అంచులు మరింత తేటగా. నేను చెప్పింది నిజమేనని ఒక్క క్షణం పొంగిపోయాను. దేనికి పొంగిపోయానో తెలిశాక నా సీసానికే సిగ్గేసింది.

డాక్టరమ్మ పెన్ను తీసింది. పోలమ్మ ఆమె మొహమే చూస్తోంది.

"ఏటమ్మా, సోమారం కొయ్యరా? నా బుట్ట మా అప్పకి అప్పజెప్పీసి వొచ్చినాను."

అప్పుడు గుమ్మంలోంచి కేక వినబడింది. గదులూడ్చే పైడమ్మది. సూది గుచ్చిన చోట అద్దిన దూదికి కూడా మందు అంటుకుంటుంది. అవన్నీ సీసం డబ్బాలో పడితేగానీ ఆమె తాళం వెయ్యదు.

"పొద్దున్న సూదేసినోళ్ళలో ఒకరి దూది డబ్బాలో పడనేదు. ఎవుర్దే అది?"

"నాదేనే తల్లీ!" అంది పోలమ్మ. "నేల మీద పారేస్తే తంతానన్నావు. డబ్బా కాడ జనం. రొంటిన దోపీసినాను."

కుడి తుంటి మీది చీర మడతలోంచి చిన్న దూది ఉండ తీసి చూపించింది.

త్రినాథ్ దాన్ని పట్టకారుతో పట్టి నా ముందు పెట్టాడు. తెర మీద అదే నల్లచుక్క, ఈసారి ఒంటరిగా, ఒంటితో పనిలేకుండా.

"అయితే కేన్సరు దూదికా డాట్రమ్మా?" అంది పోలమ్మ. డాక్టరమ్మ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

పక్కగదిలో కొత్తదానికి పూలదండలు కడుతున్నారు. కాబట్టి మళ్ళీ నేనే. అరగంట. తలనుంచి కాలిదాకా ఒక్క చెడ్డ చుక్క లేదు. కాగితం మీద డాక్టరమ్మ సంతకం పడింది. పైడమ్మ పేరు ఎక్కడా పడలేదు. రెండు యంత్రాలూ, ఒక పెద్ద చదువూ మోసపోయిన చోట గెలిచింది చీపురు పట్టిన మనిషి. శిలాఫలకం వెయ్యాలంటే ఆమెకు వెయ్యండి.

తర్వాత నా సీసం ఊడదీసి, మిగతా నన్ను వెనక రేకుల షెడ్డులో పడేశారు. పైడమ్మ నా బల్ల మీదే క్యారేజీ విప్పుకుంటుంది. నాకిష్టమే.

ఆపరేషన్ అయిన ఆర్నెల్లకు, కొత్తదాని దగ్గర చూపించుకోడానికి పోలమ్మ వచ్చింది. పైడమ్మ షెడ్డు దగ్గరే అడ్డుపడింది.

"ముందు రొంటి దులుపు."

"దులిపీస్తన్నానే, నీ పోరు పడనేను." తమలపాకూ, తాళంచెవీ, సగం కాల్చిన చుట్టా ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పెట్టింది. "ముసల్దానా, చూస్తుండు. ఇప్పుడే వొస్తాను" అని నన్ను తట్టింది. ఎముకల లోపలికి చూసినదాన్ని, సగం చుట్టకు కాపలా కాశాను. ఆరు నిమిషాలన్నారు గానీ నాకు పద్దెనిమిదేళ్ళంత అనిపించింది.

వచ్చింది. చుట్ట అందుకుంది.

"ఏటీ నేదంట" అంది.