ఆమె చెప్పనివ్వని కొలత

ఇద్దరినీ కొవ్వు తగ్గించుకోమని డాక్టరు చెప్పాక, నేనూ నా భార్యా వీధి చివరి జిమ్‌లో ఒకేరోజు చేరాం. ఇద్దరికీ ఒకే ట్రైనరు, బరువులెత్తే పాఠం కూడా ఒకటే. మూడు నెలల్లో నేను ఏడు కిలోలు తగ్గాను, తను రెండే.

"ఏంటోయ్, నీ బరువుకి నువ్వంటే అంత ప్రాణమా?" అని రోజూ ఆటపట్టించేవాణ్ణి.

"మీకు మరీ కళ్ళు నెత్తికెక్కాయి," అని నవ్వేది. కానీ నా ఎదుట తూకం మిషను ఎక్కడం మానేసింది.

పోయిన నెల నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఇవాళ తన లాకరు ఖాళీ చేయడానికి వెళ్ళాను. అందులో తన ట్రాక్ ప్యాంటు ఉంది. నడుం దగ్గర కుట్లు వేసి బిగించుకుంది. ఎలాస్టిక్ వదులైందని నాతో చెప్పేది. ట్రైనరమ్మాయి మా ఆవిడ కొలతల కార్డు తెచ్చి చేతిలో పెట్టింది. నా నడుము మూడంగుళాలు తగ్గితే, తనది నాలుగు తగ్గింది.

"కిలోలు చూసి పోల్చకూడదు బాబాయ్. మగవాళ్ళది పెద్ద ఒళ్ళు, కండ ఎక్కువ. మొదట్లో తూకం గబగబా దిగుతుంది. పిన్నికి కొవ్వు కరుగుతూనే కండ పట్టింది, అందుకే ముల్లు పెద్దగా కదల్లేదు."

"మరి నాకు చెప్పలేదేమ్మా?"

"పిన్నే వద్దంది. 'గెలిచానని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు, ఉండనీ' అంది."

ఓడిపోయానని ఇంటికెళ్ళి తనకి చెప్పాలని గబుక్కున లేచాను. వినడానికి ఇంట్లో తను లేదని తలుపు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది.

ట్రైనరమ్మాయి జిమ్‌లో మోగుతున్న పాట ఆపేసి, అటు తిరిగి, మడతపెట్టి ఉన్న టవళ్ళనే మళ్ళీ మడతపెట్టసాగింది.