పడవెక్కిన డ్రైవరు

నేను ఒక నవలని. ఉత్త నవల అంటే నాకు చిన్నతనం. అంతర్జాతీయ రాజకీయ థ్రిల్లర్‌ని. ఎవరైనా పొరపాటున భక్తి పుస్తకం అనుకుని కొంటారేమోనని ఆ ముక్క అట్ట మీద ఎర్రటి అక్షరాల్లో వేశారు. నా పేరు 'ఏడో రాయబారి'. నా లోపల ఒక దేశం కూలిపోతుంది, ఆరుగురు రాయబారులు హత్యకు గురవుతారు, ఆ హత్యలన్నీ ఏడోవాడే చేయించాడని ఆఖర్న తేలుతుంది. చెప్పేశానని తిట్టుకోకండి. నన్ను చదివిన ప్రతివాడూ పక్కవాడికి ఆ సంగతి చెప్పేశాడు, ఇక నేను దాచి ఏం లాభం?

నన్ను రాసిన మనిషి హైమవతి. సముద్రం అవతల ఒక దేశపు రాజధానిలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసి, విజయవాడ తిరిగొచ్చి స్థిరపడింది. అంతకుముందు ఆవిడ ఒక కథ రాసిన పాపాన పోలేదు. ఉన్నట్టుండి నవల, అదీ బాంబుల నవల! చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. "ఇంజెక్షన్లు పొడుచుకునేదానివి, నీకెందుకే ఈ రాజకీయాలు?" అని వాళ్ల పిన్ని మొహం మీదే అడిగింది.

బెజవాడలో ఒక చిన్న ప్రెస్సులో పుట్టాను. నా తోబుట్టువులంతా అట్టపెట్టెల్లో సర్దుకుని వెళ్లిపోయారు. నన్ను మాత్రం జిగురు ఆరకముందే హైమవతి ఇంటికి పట్టుకుపోయి తన బల్ల మీద పెట్టుకుంది. మొదటి పుస్తకం కదా, తన పేరు చూసుకుని మురుస్తుందనుకున్నాను. ఊహూఁ. సరాసరి మధ్యలో ఒక అధ్యాయం తెరిచి, జ్వరం చూసినట్టు ఆ పేజీ మీద అరచెయ్యి వేసి కూర్చుంది. నాకు అప్పుడే ఏదో తేడాగా అనిపించింది.

ఆ పేజీలో ఉన్నది ఒక డ్రైవరు. రాయబార కార్యాలయంలో కారు నడిపే తెలుగువాడు. కథకి అతనితో పెద్ద పని లేదు. టీ తెచ్చుకుంటే మొదటి గుక్క కారు ముందు టైరుకి పోసి, మిగతాది తను తాగుతాడు. కారుని 'బావా' అని పిలుస్తాడు. తిరుగుబాటు రోజున తూటాలు తగులుతాయి. రక్తం కారుతూనే రేవు దాకా వెళ్లి, చేపల పడవెక్కి, సముద్రం దాటిపోతాడు. మళ్లీ కనిపించడు.

నాలోని మిగతావాళ్లంతా కాగితం మనుషులు. నన్ను మూసేస్తే వాళ్లూ బుద్ధిగా పడుకుంటారు. ఈ డ్రైవరు పడుకునేవాడు కాదు. అట్ట మూసినా లోపల ఎవరో మసులుతున్నట్టు, గొంతు సవరించుకుంటున్నట్టు ఉండేది. ఒట్టు, నాకు భయం వేసేది. పుస్తకానికి దయ్యం పట్టడమేమిటని నవ్వుతారేమో. మీ ఇంట్లో మీకు తెలియని మనిషి తిరుగుతుంటే అప్పుడు నవ్వండి చూద్దాం.

ఆవిష్కరణ సభ అయింది, ఫోన్లు మొదలయ్యాయి. రిటైరైన పోలీసు అధికారి ఒకాయన, "అమ్మా, నవల అదిరింది గానీ ఆ రకం తుపాకీలో అన్ని తూటాలు పట్టవు" అన్నాడు. గుంటూరు లాయరొకాయనకి ఏడో రాయబారి మీద మొదట్నుంచీ అనుమానమేనట. ఆ మాట చెప్పడానికి గంటసేపు మాట్లాడాడు. "ఆ గూఢచారికీ ఆ పిల్లకీ పెళ్లి చేస్తే మీ సొమ్మేం పోయిందండీ!" అని ఏలూరు నుంచి ఒకావిడ గట్టిగానే దెబ్బలాడింది. అసలు చదవకుండానే బ్రహ్మాండంగా ఉందన్నవాళ్లకీ కొదవలేదు. అందరి మాటా ఓపిగ్గా విని, హైమవతి చివర్లో ఒక్కటే అడిగేది.

"ఆ డ్రైవరు గురించి ఏమనిపించిందండీ?"

"ఏ డ్రైవరు?" అనేవాళ్లు.

ఆవిడ ఫోను పెట్టేసి మళ్లీ ఆ పేజీ తెరిచేది. ఇది చూసి చూసి, ఒకనాడు పిన్ని ఉండబట్టలేకపోయింది.

"ఏంటే నీకు ఆ డ్రైవరు గోల?"

"వాడొక్కడే నిజం పిన్నీ. మిగతాదంతా నేను అల్లింది."

తను నర్సుగా ఉన్న దేశంలో కాల్పులు జరిగిన రోజున అతన్ని హైమవతి వార్డుకే తెచ్చారట. ఎవరో ఏజెంటు వేరే మనిషి పాస్‌పోర్టు మీద పంపించిన కుర్రాడు. సాయంత్రానికి పోయాడు. ఆ దొంగ పేరుతోనే అక్కడ పాతిపెట్టారు. పాస్‌పోర్టులో ఉన్న చిరునామాకి హైమవతి ఉత్తరం రాస్తే, అలాంటి మనిషే లేడని తిరిగొచ్చింది.

"పగలంతా నాతో తెలుగులో మాట్లాడుతూనే ఉన్నాడు పిన్నీ. టైరుకి టీ పోస్తానన్నాడు, కారుని బావా అంటానన్నాడు, అక్క బీడీలు చేస్తుందన్నాడు. పేరు మాత్రం నేను అడగలేదు. ఆసుపత్రి చీటీ మీద ఉంది కదా అనుకున్నాను."

"దానికి ఈ బాంబులూ రాయబారులూ ఎందుకే?"

"పరాయి దేశంలో ఒక డ్రైవరు పోయాడని రాస్తే ఎవరు చదువుతారు? బాంబులుంటే బస్సులో చదువుతారు, రైల్లో చదువుతారు, చేతులు మారుతుంది. ఎప్పటికో వాళ్లక్క చెవిన పడకపోతుందా అని."

"మరి పుస్తకంలో పడవెక్కి వెళ్లాడని రాశావుగా?"

హైమవతి నా అట్ట మీద చెయ్యి వేసింది. "ఒకసారి కళ్లముందు పోయాడు. మళ్లీ నా చేత్తో చంపడానికి మనసొప్పలేదు" అంది.

నాకు అప్పుడు అర్థమైంది, నా లోపల తిరుగుతున్నది ఎవరో. భయం పోయి జాలి వేసింది. కానీ జాలిపడి నేనేం చేయగలను? నన్ను ఎవరైనా తెరవాలి కదా.

హైదరాబాదు విమర్శకులు చక్రధరం గారు బెజవాడలో ఇంకేదో సభకి వచ్చి, మా ఇంట్లో కాఫీ తాగి, తన కాపీ ఎక్కడో పోయిందంటూ నన్ను చంకన పెట్టుకుపోయారు. సమీక్ష రాసి, భార్యని కూర్చోబెట్టి చదివి వినిపించారు. 'అంతర్జాతీయ స్థాయి' అన్నారు, 'ఊపిరి సలపనివ్వదు' అన్నారు. "డ్రైవరు పడవెక్కి తప్పించుకోవడం మాత్రం అతకలేదు. నవల మొత్తంలో పచ్చి అబద్ధమనిపించేది ఇదొక్కటే" అని ముగించారు. మహానుభావుడు! ఎందుకు పట్టుకున్నాడో తెలియకుండానే సరైనదే పట్టుకున్నాడు. సమీక్ష అచ్చయిన వారానికి నన్ను పాత పేపర్లతో కలిపి వేసేశారు.

కోఠీ ఫుట్‌పాత్ మీద పోటీ పరీక్షల గైడ్ల మధ్య ఎండకి ఎండి, వానకి ముడుచుకుని పడి ఉన్నాను. ఏదో గైడు కోసం వచ్చిన సువర్ణ అనే అమ్మాయి, దాంతోపాటు నన్నూ తీసుకుని కోరుట్ల పోయింది. అక్కడ వాళ్ల వాకిట్లో మధ్యాహ్నమైతే చాలు, వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తారు. సువర్ణ చేతులు మాత్రం ఖాళీ. ఆమె అందరికీ వినబడేలా పుస్తకం చదవాలి. ఆమె చేయాల్సిన బీడీలు తలా కొన్ని వాళ్లే చేసిపెడతారు. ఎంత బాగుందో ఆ ఏర్పాటు! నా జన్మలో అంతమంది నన్ను ఒక్కసారే చదవడం అదే మొదలు.

పైగా వాళ్లంతా నోరున్న పాఠకులు. "గీ రాయబారులకు బువ్వ తినే యాళ్ల లేదా, ఎప్పుడు జూడు ఫోన్లే" అని ఒకామె విసుక్కుంది. "ఆరుగురు సచ్చినంక గూడ పోలీసోల్లకు సోయి రాకపాయె" అని ఇంకొకామె ఆకు కత్తిరిస్తూ తిట్టింది. బెజవాడ సభలో పూలదండలు వేసినవాళ్ల కన్నా వీళ్ల తిట్లే నాకు నచ్చాయి. ఆ వరసలో గోడవారగా కూర్చునే రాజవ్వ మాత్రం ఏమీ అనేది కాదు.

డ్రైవరు అధ్యాయం వచ్చింది. టీ మొదటి గుక్క టైరుకి పోశాడని సువర్ణ చదివింది. కారుని 'బావా' అన్నాడని చదివింది. రాజవ్వ ఒళ్లోని చాట జారి తంబాకంతా నేలపాలైంది.

"వీడు మా తమ్ముడే! అగో, మా లింబాద్రే!"

అందరూ చుట్టూ మూగారు. రాజవ్వ మొగుడు లారీ నడిపేవాడట. టైరుకి టీ పోయడం ఆయన అలవాటు. బామ్మర్దికి బండి నేర్పింది ఆయనే. ఆయన పోయాక లింబాద్రి ఏ బండెక్కినా బావా అనే పిలిచేవాడు. పరదేశం వెళ్లాడు, వెళ్లిన మొదట్లో ఫోన్లు, తర్వాత ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేదు.

"సదువు బిడ్డా, ఏమైతదో సదువు!" అంది రాజవ్వ, సువర్ణ మోకాలు పట్టుకుని.

సువర్ణ చదివింది. తూటాలు తగిలాయి. రేవు. పడవ.

"దాటిండా? సముద్రం దాటిండా?"

"దాటిండు పెద్దవ్వా! దాటిపోయిండు!"

ఆ వాకిట్లో ఏడుపులు, నవ్వులు, కావలింతలు. రాజవ్వ నన్ను గుండెలకి అదుముకుంది. ఒంటినిండా అక్షరాలు మోస్తూ ఒక్క మాట పైకి అనలేని బతుకు ఎంత పాపిష్టిదో నాకు ఆ పూట తెలిసింది. లోపల అతను కూడా నిశ్శబ్దమైపోయాడు.

నా రెండో పేజీలో హైమవతి ఫోన్ నంబరు ఉంది. సువర్ణ ఫోన్ చేసి, మీ నవల్లో డ్రైవరు అక్క మా వాడకట్టులోనే ఉందని, ఆమె మిమ్మల్ని చూడాలంటోందని చెప్పింది. అవతలి నుంచి "వెంటనే తీసుకురండి" అని మాత్రం వినిపించింది.

సువర్ణ సంచిలో నేను మళ్లీ బెజవాడ చేరాను. రాజవ్వ సంచిలో కొత్త చొక్కాలు రెండున్నాయి, వేరువేరు కొలతలవి. తమ్ముడు ఇప్పుడు లావయ్యాడో చిక్కాడో తెలియదు కదా మరి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

"ఆ పడవ ఏడ దిగిందమ్మా? ఏ ఊర్ల ఉన్నడు?"

హైమవతి ఆమెని కూర్చోబెట్టి, తను నేల మీద ఎదురుగా కూర్చుంది. "ముందు ఆయన పేరు చెప్పండమ్మా."

"లింబాద్రి."

"లింబాద్రి" అని హైమవతి మెల్లగా పలికింది. ఇంకోసారి పలికి, ఆగలేక ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసేసరికి రాజవ్వ మొహంలో నెత్తురు లేదు.

"దాటలేదా?"

"లేదమ్మా. ఆ పడవ నేను కల్పించాను. ఆ సాయంత్రమే పోయాడు."

రాజవ్వ నన్ను లాక్కుని గోడకేసి కొట్టింది. నా వెన్ను విరిగింది. "గట్లెందుకు రాస్తివి? పోయిన పానం లేపి మల్ల సంపుతవా? నీకేం పాపం జేసిన నేను?" అని గుండెలు బాదుకుంది. హైమవతి కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఏడ్చి ఏడ్చి, గొంతు పోయాక రాజవ్వే మళ్లీ అడిగింది.

"ఆఖరికి ఏమన్నడు?"

"మంచినీళ్లు అడిగాడు."

"ఇచ్చినవా?"

"ఇచ్చాను. నేనే పట్టించాను."

రాజవ్వ ఆమె చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. బయల్దేరేముందు హైమవతి, "తరువాతి ముద్రణలో ఆ పడవ తీసేస్తానమ్మా" అంది. రాజవ్వ నన్ను నేల మీంచి ఎత్తి కొంగుతో తుడిచింది.

"తియ్యకు" అంది. చొక్కాలు అక్కడే వదిలేసింది.

ఇప్పుడు నేను కోరుట్లలోనే ఉంటున్నాను. విరిగిన వెన్నుకి సువర్ణ గుడ్డ అంటించింది. ఈ ఏడు పెత్రమాస వచ్చింది. పోయినవాళ్ల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య. ఏటేటా తల్లి పేరు, తండ్రి పేరు, పెనిమిటి పేరు చెప్పి ఇచ్చే రాజవ్వ, ఈసారి పొద్దున్నే తానం చేసి వెళ్లి లింబాద్రి పేరు కూడా చెప్పి ఇచ్చొచ్చింది. మధ్యాహ్నం ఎప్పటిలాగే చాట పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

"బిడ్డా, వాడు పడవెక్కే కాడికెల్లి సదువు."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కనామె ఉండలేక, "పొద్దుగాల బియ్యమిచ్చి, ఇప్పుడు పడవెక్కియ్యవడితివి. గిదేందే రాజవ్వా?" అంది.

"పొద్దుగాల ఇచ్చింది వానికి. గిది నాకు."

సువర్ణ నన్ను తెరిచింది.