చీరలు కనపడని వెబ్‌సైట్

బండారులంక చేనేత సంఘం వెబ్‌సైట్ ఆ ఉదయం పదకొండింటికి మొదలవ్వాలి. సంఘం హాల్లో గోడకి తెల్లతెర కట్టారు. నేతగాళ్లు, వాళ్ల చుట్టాలు కుర్చీలు చాలక కిటికీల్లో కూడా కూర్చున్నారు. వెబ్‌సైట్ తయారుచేసిన సత్యప్రియ బటన్ నొక్కింది. తెర మీద చీరలకి బదులు 500 అన్న అంకె, కింద కాస్త ఇంగ్లీషు వచ్చాయి.

"అదేంటమ్మా, నా చీర ఐదొందలా?" అంది జయమ్మ. మొదటి పేజీలో ఉండాల్సింది ఆవిడ నేసిన పచ్చ చీరే. దాన్ని చూడమని రాజోలులో ఉన్న అక్కచెల్లెళ్లందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పింది.

"ధర కాదత్తా, సర్వర్‌లో ఏదో తప్పుందని ఆ అంకె చెబుతోంది" అంది సత్యప్రియ. చెబుతుంటే తనకే నవ్వొచ్చింది.

ఫోటోలు ఎక్కువయ్యాయని ముందురోజే వెబ్‌సైట్ మొత్తాన్నీ పక్కగదిలో ఉన్న స్టోరేజ్ పెట్టెలో పెట్టింది. ఆఫీసుగదిలోని సర్వర్ ఆ పెట్టెలోంచి పేజీలు తెచ్చి జనానికి చూపించాలి. సత్యప్రియ వెళ్లి సర్వర్‌లోంచే పెట్టెలోని వెబ్‌సైట్ ఫోల్డర్ తెరిచింది. చక్కగా తెరుచుకుంది. సర్వర్ ఆపి మళ్లీ వేసింది. 500. కేబుల్ మార్చింది. 500.

సంఘం కార్యదర్శి గంగాధర్, ఆమె మేనమామ, కొబ్బరికాయ పట్టుకుని పక్కగదిలోకి బయల్దేరాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఆ పెట్టె ముందు కొడదామని."

"బయట కొట్టు. నీళ్లు పడితే ఈ ఎర్రర్ కూడా రాదు."

ఆయన గుమ్మం దగ్గర ఆగి, "నువ్వెళ్తే తెరుచుకుంటోంది, ఆ సర్వరెళ్తే తెరుచుకోవట్లేదు. ఆ రెండూ ఏమైనా మాటా మాటా అనుకున్నాయేంటే?" అన్నాడు.

సత్యప్రియ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఫోల్డర్ తను తెరిచింది తన పేరుతో, తన పాస్‌వర్డ్‌తో. సర్వర్ వెళ్లేది దాని సొంత పేరుతో. ఆ పేరుగల మనిషెవరో పెట్టెకి తెలియనే తెలియదు. తలుపు తీయదు మరి. ఆమె పకపకా నవ్వుతూ సర్వర్‌ కోసం పెట్టెలో కొత్త ఖాతా తెరిచి, ఫైళ్లు చదవడానికి అనుమతిచ్చి, ఆ పేరూ పాస్‌వర్డూ సర్వర్‌కీ చెప్పింది.

హాల్లోకొచ్చి మళ్లీ బటన్ నొక్కితే పేజీ వచ్చింది. పైన సంఘం పేరు, కింద చీరల పేర్లు, నేసినవాళ్ల పేర్లు. ఫోటోలుండాల్సినచోట మాత్రం ఖాళీ గళ్లు. అయినా హాలంతా చప్పట్లు. కిటికీలో కూర్చున్నాయన ఈల వేశాడు. జయమ్మ రాజోలుకి ఫోన్ కలిపింది. "ఆయ్, వచ్చేసిందే. నా పేరొచ్చింది. చీర వెనకాల వస్తోందంట."

"మరి చీరలేవే?" అన్నాడు గంగాధర్.

సత్యప్రియకి వెంటనే తట్టింది. వెబ్‌సైట్ పెట్టేటప్పుడు ఫోటోల్ని అదే పెట్టెలో ఉన్న తన పాత ఫోల్డర్లోంచి లాగి ఇక్కడ పడేసింది. అవి చోటు మారాయి గానీ పాత అనుమతులతోనే వచ్చాయి. ఇంకా ఆమెని తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. కొత్త అనుమతి లోపలున్న ఫోటోలన్నిటికీ వర్తించేలా నొక్కింది. తెర మీద పచ్చటి గీత నెమ్మదిగా పాకింది. హాలంతా దాన్నే చూసింది. గీత మధ్యలో ఆగితే అందరూ ఒకేసారి ఊపిరి బిగబట్టారు. కదిలితే వదిలారు.

పేజీ మళ్లీ తెరిచేసరికి గళ్లన్నీ నిండిపోయాయి. పచ్చ, వంకాయరంగు, ఉల్లిపొర రంగు, జరీ అంచులు. ఎవరి చీర వస్తే వాళ్లు కుర్చీలోంచి లేచి నిలబడుతున్నారు. గంగాధర్ ఉపన్యాసం కాగితం జేబులోనే ఉండిపోయింది. ఎవరో పూతరేకుల డబ్బా తెరిచారు. సత్యప్రియకి నోటినిండా పూతరేకుతో నవ్వబోతే పొలమారింది. జయమ్మ ఆమె నెత్తి మీద తట్టింది.

అప్పుడే వెబ్‌సైట్‌లో ఒక సందేశం వచ్చింది. కొత్తపేట నుంచి ఒకావిడ, ఆ పచ్చ చీర ఎర్ర అంచుతో దొరుకుతుందా అని అడిగింది. సత్యప్రియ గట్టిగా చదివింది.

"ఎర్రంచు నేనెప్పుడూ వెయ్యలేదే" అంది జయమ్మ. మళ్లీ తనే నవ్వి, "ఆయ్, దొరుకుద్దండీ అని రాయమ్మా. రేపే మగ్గం ఎక్కిస్తాను" అంది.