మూడో గంట కొలత

మా మామయ్య నోరు ఊరుకునే రకం కాదు. యాభై ఏళ్ళు కుట్టుమిషను ముందు కూర్చున్న దర్జీ. డయాలసిస్ మంచం మీద పడుకుని కూడా, పక్క మంచం ఆయన చొక్కాకి కాలరు కుట్టినవాడెవడో గాని వాడి చేతిలోంచి కత్తెర లాక్కోవాలని గొణుక్కునేవాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆయనా, అత్తయ్యా. అందుకని ఆయన మీద నాకు హక్కుంది, కసురుకునే హక్కు కూడా. ఆ హక్కు మాత్రం కరువుతీరా వాడుకున్నాను.

నేను అదే ఆసుపత్రిలో, డయాలసిస్ వార్డు వెనక గదిలో పనిచేస్తాను. నా పని కంప్యూటర్లో మనిషిని కట్టడం. గుండె అంటే ఒక పంపు. దానికి కొన్ని గొట్టాలు, రెండు తొట్లు. ఒక తొట్టిలో రక్తం, రెండోదాంట్లో ఒంట్లో పేరుకున్న నీరు. కిడ్నీలు పోయిన మనిషికి డయాలసిస్ యంత్రం రక్తంలోంచి నీటిని లాగేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ఒంట్లో నీరు మెల్లగా రక్తంలోకి ఊరుతుంది. ఊరేదానికన్నా వేగంగా లాగామా, బీపీ పడిపోతుంది, గుండెకే రక్తం చాలదు. ఎవరికి ఎంత లాగితే బీపీ ఎప్పుడు, ఎంత పడుతుందో ముందుగా చెప్పేదే నా మోడల్.

మామయ్య గుండె అప్పటికే సగం బలంతో కొట్టుకుంటోంది. నీరు తక్కువ తీస్తే ఆయాసం. ఎక్కువ తీస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ నెల పదిహేనో తారీఖున పెద్ద డాక్టరు నన్ను పిలిచారు.

"రెండున్నర లీటర్లు చాలడం లేదమ్మా, కాళ్ళు మళ్ళీ వాచాయి. మూడు తీయొచ్చా? నీ మోడల్ ఏమంటోంది?"

"తీయొచ్చు సార్," అన్నాను తడుముకోకుండా. "బీపీ నూట ఇరవై కిందికి దిగదు."

ఊరికే అనలేదు. ప్రతిసారీ ఆయన్ని యంత్రానికి తగిలించే ముందు, వచ్చే నాలుగు గంటల్లో ఏ అరగంటకి బీపీ ఎంత ఉండాలో మోడల్ లెక్కగట్టిన కాగితం అచ్చు తీసి, మంచానికి వేలాడే చార్టు పక్కనే తగిలించేదాన్ని. కొలిచిన అంకెకీ నా అంకెకీ తేడా వస్తే వెంటనే చెప్పమని టెక్నీషియన్‌కి మరీ మరీ చెప్పాను. మూడు లీటర్లు మొదలెట్టాక వచ్చిన చార్టులు చూసి నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎక్కడా రెండు మూడు అంకెల కన్నా తేడా లేదు!

ఇంకో సంతోషం కూడా ఉంది. మా వార్డులో అందరూ బీపీని గుండ్రంగా రాసిపారేస్తారు. నూట ఇరవై, నూట ముప్ఫై, అంతే. బద్ధకం. దాని మీద నేను గొంతు చించుకోని రోజు లేదు. మామయ్య మంచం చూసే టెక్నీషియన్ కూడా ఆ బాపతే. అలాంటివాడు ఈ మధ్యే మారాడు. నూట ఇరవై ఏడు, నూట ఇరవై మూడు అని విడమరచి రాస్తున్నాడు. నా తిట్లు పనిచేశాయనుకున్నాను.

"కొలవడం అంటే ఇదీ! ఈయన్ని చూసి నేర్చుకోండి," అన్నాను వార్డులో అందరి ముందూ.

ఆయన తల గోక్కుంటూ అటు తిరిగిపోయాడు. పాపం, సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

ఇరవై ఆరో తారీఖు సాయంత్రం డయాలసిస్ అయ్యాక, చక్రాల కుర్చీలో మామయ్యని తోసుకుంటూ అత్తయ్య నా గదికి వచ్చింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మూడో గంట వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయే," అన్నాడు. "గుండెల్లో ఎవరో పట్టి పిండుతున్నట్టుంది. ఆ పెంచిన అర లీటరూ తగ్గించమని చెప్పు."

"మూడో గంటకి నీ బీపీ నూట ఇరవై నాలుగు మామయ్యా. ఇదిగో, రాసుంది. నాకే అంత ఉండదు."

"రాసుందా? నన్ను ఎవడు కొలిచాడే?"

నేను నవ్వాను. "మొదలెట్టావా! ఊళ్ళో ఇంకెవరికీ కొలవడం రాదు, నీకొక్కడికే వచ్చు."

"కొలతల పుస్తకం చూసి చొక్కా కుట్టినట్టుంది నీ పని. పుస్తకంలో ఛాతీ నలభై. వచ్చి నిలబడ్డవాడు చిక్కి సగమయ్యాడు. నువ్వు మాత్రం తలెత్తకుండా నలభై కుట్టేస్తున్నావు."

"నీకు భయం పట్టుకుంది, అంతే. దానికి నా దగ్గర మందు లేదు."

"ఒక్కసారి దగ్గరుండి చూడరాదటే, నీ సొమ్మేం పోయింది?" అంది అత్తయ్య.

"చూస్తూనే ఉన్నాను అత్తయ్యా, రోజూ." నేను చూస్తున్నది చార్టుని.

"సరేలే. చదువుకున్నదానివి," అన్నాడు మామయ్య. ఆయన నాతో వాదన మానుకోవడం అదే మొదటిసారి. గెలిచానని మురిసిపోయాను, బుద్ధి లేక.

ఇరవై ఎనిమిదిన మళ్ళీ డయాలసిస్. మామయ్యని మంచం ఎక్కించాక అత్తయ్య మందుల వరసలో నిలబడడానికి వెళుతూ, ఆయన గుడ్డసంచి నా బల్ల మీద పెట్టింది. కొట్టు మూసేసినా, వార్డులో ఎవరికి గుండీ ఊడినా మామయ్యే కుట్టేవాడు. నా కోటుకి గుండీ ఊడి నెలైంది. రెండున్నర గంటల పైచిలుకు పని చేసుకున్నాక, సూదీ దారం కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

దారపు ఉండల కింద ఏదో మందపాటి గుడ్డ తగిలింది. లాగాను. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ. దాని అంటుకునే అంచు ఊడిపోయింది. ఒక పక్క ఎనిమిది కుట్లు, అన్నీ వంకరే. మామయ్య జన్మలో అంత వంకరగా కుట్టి ఉండడు. చేతులు వణికి సగంలో ఆపేసినట్టున్నాడు, సూది ఇంకా దారానికే వేలాడుతోంది. కొట్టులో ఏ గుడ్డ తీసుకున్నా చీటీ రాసి గుండుసూదితో గుచ్చడం ఆయన అలవాటు. ఇక్కడా గుచ్చాడు. 'నాలుగో మంచం పట్టీ. తీసుకున్నది పన్నెండో తారీఖు. ఇవ్వాల్సింది పధ్నాలుగు.'

నాలుగో మంచం మామయ్యదే.

పదహారు రోజులుగా ఆ మంచానికి పట్టీయే లేదు. మరి ఆ అంకెలన్నీ?

పరుగెత్తాను. వార్డులో యంత్రం రెండు గంటల యాభై నిమిషాలు చూపిస్తోంది. చార్టు తీశాను. మూడో గంట దగ్గర నూట ఇరవై నాలుగు. మూడున్నర దగ్గర నూట ఇరవై రెండు. నాలుగు దగ్గర నూట ఇరవై ఒకటి. ఇంకా రాని గంటలకి కూడా సిరాతో రాసేసి ఉంది! మామయ్య నోరు తెరుచుకుని ఉంది. నుదురంతా చెమట, పెదవులు బూడిద రంగు.

"బీపీ ఎంత?" అని అరిచాను. టెక్నీషియన్ రెండో మంచం దగ్గర నుంచి వచ్చి, అలవాటుగా నా కాగితం వైపు చూశాడు.

"కాగితం కాదయ్యా! చెయ్యి! ఆయన చెయ్యి చూడు!"

ఆరు మంచాలకీ కలిపి చేత్తో కొట్టే బీపీ యంత్రం ఒక్కటే. దాన్ని ఎక్కడో వెతికి తెచ్చాడు. నేనే చుట్టాను, నేనే విన్నాను. నూట ఇరవై దగ్గర ఏమీ లేదు. నూరు దగ్గర లేదు. ఎనభై దగ్గర లేదు. యాభై ఎనిమిది దగ్గర ఒక చప్పుడు వినిపించింది. నీరు లాగడం ఆపారు, సెలైను వదిలారు, కాళ్ళు పైకెత్తారు. పెద్ద డాక్టరు వచ్చి ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టారు. నలభై నిమిషాల తర్వాత ఆపేశారు.

టెక్నీషియన్ వార్డు బయట మెట్ల మీద కూలబడ్డాడు. "ఆ పట్టీ నేను కుట్టి ఇస్తానని ఆయనే అన్నారు మేడమ్. అంతకుముందు ఎప్పుడు కొలిచినా మీ కాగితంలో ఉన్నట్టే వచ్చేది. ఒక్కణ్ణే, ఆరు మంచాలు... ఇక కొలవడమెందుకులే అనుకున్నా. అచ్చం అదే రాస్తే బాగుండదని ఒకటీ రెండూ అటూ ఇటూ మార్చేవాణ్ణి."

కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ కాగితం అక్కడ తగిలించిందెవరు? పరీక్షకి ముందే జవాబులు పంచిపెట్టి, నూటికి నూరు వచ్చాయని ఎగిరి గంతేసిన పంతులమ్మని నేనే. వాడి అంకెలు నా అంకెలే. నా మోడల్‌ని నా మోడల్‌తోనే సరిచూసుకుని, దాని మాట మీద మామయ్య ఒంట్లోంచి మూడు లీటర్లు లాగించాను.

మర్నాడు అంతా అయ్యాక, ఇంట్లో అత్తయ్యా నేనూ మిగిలాం. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. దాచలేదు, జరిగింది జరిగినట్టు మొత్తం చెప్పాను. కాగితం సంగతి, పట్టీ సంగతి, రాని గంటలకి రాసిన అంకెల సంగతి.

"మామయ్యకి తెలుసు కదా అత్తయ్యా, పట్టీ తన సంచిలోనే ఉందని," అన్నాను ఏడుస్తూ. "కొలవడం లేదని నాతో ఒక్క ముక్క చెప్పి ఉంటే..."

అత్తయ్య తలెత్తి నా వైపు చూసింది.

"చెప్పాడు కదే," అంది. "నన్ను ఎవడు కొలిచాడే అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నువ్వు నవ్వావు."